ఆన్‌లైన్ వేలంలో కొనేవారి ఆసక్తిని కొలిచే సాధనాలు: ఆ అంకెలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు?

ఊళ్లో వేలంపాట నిర్వహించే వ్యక్తికి ఒక వెసులుబాటు ఉంటుంది. ‘ఒకటోసారి, రెండోసారి’ అంటూనే ఆయన చుట్టూ చేరినవారి ముఖాలు చూస్తుంటాడు. వస్తువును తిప్పి తిప్పి చూసినవారెవరో, పక్కవారితో గుసగుసలాడుతున్నవారెవరో, ఊరికే కాలక్షేపానికి నిలబడ్డవారెవరో ఆయన కనిపెట్టగలడు. ‘మూడోసారి’ అనే ముందు ఎంతసేపు ఆగాలో ఆ ముఖాలను బట్టే నిర్ణయించుకుంటాడు. ఇంటర్నెట్‌లో వస్తువును వేలానికి పెట్టిన అమ్మకందారుకు ముఖాలు కనిపించవు. ఆ లోటు తీర్చడానికి వేలం వెబ్‌సైట్లతో సంబంధం లేని సంస్థలు పాతికేళ్లకు పైగా రకరకాల సాధనాలు తయారుచేస్తూ వచ్చాయి. చూసినవారి సంఖ్యను లెక్కించే కౌంటర్లు మొదలుకొని, పాత అమ్మకాల ధరలను గుదిగుచ్చే డేటాబేస్‌ల వరకు వీటిలో అనేక రకాలున్నాయి. తప్పుడు అంకెను నమ్మిన చిన్న అమ్మకందారు విలువైన వస్తువును కారుచౌకగా పోగొట్టుకోవచ్చు. లేదా ఎవరూ కొనని ధర పెట్టి నెలల తరబడి ఎదురుచూడవచ్చు. అందుకే ఈ సాధనాల్లో ఏది దేన్ని కొలుస్తుందో తెలుసుకోవడం అవసరం.

ఈ రంగం దాదాపుగా ఈబే చుట్టూ పెరిగింది. పియర్ ఒమిడ్యార్ 1995 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో ‘ఆక్షన్‌వెబ్’ పేరుతో దీనిని ప్రారంభించారు. 1997లో దాని పేరు ఈబేగా మారింది. అక్కడ తొలిసారి అమ్ముడైన వస్తువుగా చెప్పుకునేది పాడైపోయిన ఒక లేజర్ పాయింటర్. అది 14.83 డాలర్లకు పోయింది. పనిచేయని వస్తువుకు కూడా గిరాకీ ఉంటుందని ముందుగా ఎవరు ఊహించగలరు? ఆసక్తిని కొలవాలన్న కోరిక ఆ మార్కెట్ స్వభావంలోనే ఉంది.

ఈబే వేలం నడిచే తీరును కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కొనదలచినవారు తాము గరిష్ఠంగా ఎంత ఇవ్వగలరో వ్యవస్థకు రహస్యంగా తెలియజేస్తారు. పోటీ ఉన్నంత మేరకే వారి తరఫున పాట పెరుగుతుంది. అంటే తెరపై కనిపించే ధర అగ్రస్థానంలో ఉన్న పాటదారు మనసులోని ధర కాదు. రెండో స్థానంలో ఉన్నవారి ధరకు కొద్ది మొత్తం కలిపితే వచ్చేది మాత్రమే. ఆర్థికవేత్త విలియం వికరీ 1961లో విశ్లేషించిన రెండో ధర వేలానికి ఇది దగ్గరి బంధువు. ఆయనకు 1996లో నోబెల్ పురస్కారం లభించింది. ఒక్కరే ఎంతో ఆశపడినా పోటీకి రెండో మనిషి లేకపోతే ధర కదలదు. కనుక ధర కదలనంత మాత్రాన ఆసక్తి లేదని చెప్పలేం.

కౌంటర్ల కాలం

తొలి తరం సాధనాలు హిట్ కౌంటర్లు. హానెస్టీ, ఆండాలే, ఆక్టీవా వంటి సంస్థల కౌంటర్లు 2000 దశకం తొలినాళ్లలో ఈబే పేజీల అడుగున విరివిగా కనిపించేవి. వాటి పనితీరు సులువైనది. అమ్మకందారు తన పేజీలో ఒక చిన్న చిత్రాన్ని ఉంచుతాడు. ఆ చిత్రం ఉండేది మాత్రం కౌంటర్ సంస్థ సర్వర్‌లో. ఎవరైనా పేజీ తెరిచినప్పుడల్లా వారి బ్రౌజర్ ఆ చిత్రం కోసం సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ ఆ అడిగిన సంఖ్యకు ఒకటి కలుపుతుంది. పచ్చటి అంకెలతో పాత కాలపు మీటరులా కనిపించే కౌంటరు ఒకటి ఉండేది. అమ్మకందారుకు తప్ప ఇతరులకు కనిపించని రహస్య కౌంటరూ ఉండేది. ఈ రెండోదానికి ఆదరణ లభించడానికి కారణం ఉంది. నాలుగు రోజులు గడిచినా ‘7’ దగ్గరే నిలిచిన అంకె, వచ్చిన కొద్దిమందికీ ఈ వస్తువును ఎవరూ పట్టించుకోవడం లేదని చాటి చెబుతుంది.

ఆ అంకె కొలిచేది పేజీ ఎన్నిసార్లు తెరుచుకుందన్నదే. ఎంతమంది మనుషులు చూశారన్నది వేరే సంగతి. ఒకే వ్యక్తి పదిసార్లు వస్తే పది పడవచ్చు. అమ్మకందారే తన పేజీని మాటిమాటికీ తెరిచి చూసుకున్నా లెక్క పెరగవచ్చు. సెర్చ్ ఇంజిన్ల రోబోలు, ధరలు పోల్చే ప్రోగ్రాములు కూడా అందులో చేరతాయి. మరోవైపు, బ్రౌజర్ ఆ చిత్రాన్ని తనలోనే దాచుకుంటే నిజంగా వచ్చిన మనిషి లెక్కకు రాకుండానే పోతాడు. అయినా కౌంటరు ఒక విషయాన్ని మాత్రం బాగానే చెప్పేది. రెండు ఒకే రకం వస్తువులను వేర్వేరు శీర్షికలతో పెట్టినప్పుడు, ఒకదానికి 200, మరొకదానికి 20 వస్తే లోపం వస్తువులో లేదని, శీర్షికలోనో అది చేరిన విభాగంలోనో ఉందని తెలిసేది. ధరను అంచనా కట్టడానికి కాక, పేజీని సరిదిద్దుకోవడానికే అది ఉపయోగపడేది.

2017లో ఈబే తన పేజీల్లో జావాస్క్రిప్ట్ వంటి క్రియాశీల కోడ్‌ను నిషేధించింది. బయటి నుంచి తెచ్చే చిత్రాలు సైతం సురక్షిత హెచ్‌టీటీపీఎస్ మార్గంలోనే రావాలని అదే ఏడాది అమ్మకందారులను కోరింది. బయటి కౌంటర్లకు కాలం చెల్లింది. వాటి స్థానంలో ఈబే సొంత విక్రయ కేంద్రంలోనే వీక్షణల లెక్కలు వచ్చి చేరాయి. శోధన ఫలితాల్లో వస్తువు ఎన్నిసార్లు కనిపించింది, వారిలో ఎందరు తెరిచారు, తెరిచినవారిలో ఎందరు కొన్నారు అన్న మూడు మెట్ల లెక్క పాత కౌంటరు కంటే నిస్సందేహంగా మెరుగైనది.

గమనించేవారు, దాక్కునేవారు

వీక్షణల తరువాత అమ్మకందారులు ఎక్కువగా నమ్మేది ‘వాచ్’ సంఖ్యను. నచ్చిన వస్తువును తమ జాబితాలో గుర్తుగా పెట్టుకున్నవారి లెక్క ఇది. ఎక్కువమంది గమనిస్తున్న వస్తువులను విభాగాలవారీగా చూపించే వాచ్‌కౌంట్ వంటి వెబ్‌సైట్లు దీని ఆధారంగానే పుట్టాయి. పేజీ తెరవడం కంటే జాబితాలో పెట్టుకోవడం బలమైన సంకేతమే. అయితే గమనించేవారిలో పోటీ అమ్మకందారులు ఉంటారు. తమ దగ్గరున్న అలాంటి వస్తువు ఎంత పలుకుతుందో తెలుసుకోవాలనుకునేవారు ఉంటారు. పెట్టుకుని మరచిపోయేవారూ తక్కువేమీ కాదు. ఇరవై మంది గమనిస్తున్న వస్తువు ఒక్క పాటా లేకుండా ముగిసిపోవడం అరుదైన విషయం కాదు.

అసలు చిక్కు మరొకటి ఉంది. ఈబే వేలం నిర్ణీత క్షణంలో ముగుస్తుంది. కనుక చాలామంది చివరి క్షణాల వరకు నోరు మెదపరు. దీనికి ‘స్నైపింగ్’ అని పేరు. ఈస్నైప్, గిక్సెన్ వంటి సాధనాలు కొనేవారి తరఫున చివరి కొన్ని సెకన్లలో పాట వేస్తాయి. ఆర్థికవేత్తలు ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఒకెన్‌ఫెల్స్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఈబేను నాటి అమెజాన్ వేలంతో పోల్చి చూశారు. అమెజాన్‌లో చివరి పది నిమిషాల్లో పాట వస్తే గడువు పెరిగేది. అందువల్ల అక్కడ ఆఖరి క్షణపు పాటలు ఈబేతో పోలిస్తే బాగా తక్కువ. వారు గుర్తించిన మరో అంశం ఇంకా ఆసక్తికరం. ఈబేలో కంప్యూటర్ల కంటే పురాతన వస్తువుల వేలంలోనే చివరి క్షణపు పాటలు ఎక్కువ. కారణం ఊహించదగినదే. వస్తువు అసలైనదో కాదో గుర్తించగల నిపుణుడు ముందే పాట వేస్తే, ఆ పాటే ఇతరులకు సమాచారమవుతుంది. అందుకే ఆయన దాక్కుంటాడు.

దీన్నిబట్టి చూస్తే, వస్తువు విలువ బాగా తెలిసినవారికే తమ ఆసక్తిని కప్పిపుచ్చుకోవలసిన అవసరం ఎక్కువ. మధ్యలో కనిపించే అంకెలన్నీ ప్రధానంగా తెలియనివారి కదలికలు. ఏడు రోజుల వేలంలో ఆరో రోజున నిశ్శబ్దాన్ని చూసి బెదిరి వస్తువును వెనక్కి తీసుకునే అమ్మకందారు, బహుశా అసలైన కొనుగోలుదారు రాకముందే తలుపు మూస్తున్నాడు.

పాటల సంఖ్యనూ గుడ్డిగా నమ్మలేం. యూరి సైమన్‌సోన్, డాన్ ఏరియలీ 2008లో ప్రచురించిన పరిశోధన ఈబేలో డీవీడీల వేలాన్ని పరిశీలించింది. ప్రారంభ ధర తక్కువగా పెడితే సహజంగానే ఎక్కువ పాటలు పడతాయి. వస్తువు నాణ్యతకు దానితో సంబంధం లేదు. అయినా కొత్తగా వచ్చేవారు పాటలు ఎక్కువ ఉన్న వేలం వైపే మొగ్గారని ఆ పరిశోధన తేల్చింది. గుంపు ఉన్న చోటికే గుంపు చేరుతుందన్నమాట.

అమ్ముడైన ధరలే గీటురాయా?

అనుభవజ్ఞులైన అమ్మకందారులు ఆసక్తి అంకెల కంటే ముగిసిన అమ్మకాలనే చూస్తారు. ఈబేలో ముగిసిన అమ్మకాలు సుమారు 90 రోజుల వరకు వెతికి చూడవచ్చు. అంతకు మించి వెనక్కి వెళ్లడానికి ప్రత్యేక సాధనాలు పుట్టాయి. కెనడాలోని విక్టోరియా నగరానికి చెందిన టెరాపీక్ అన్ని రకాల వస్తువులకూ, వర్త్‌పాయింట్ పురాతన వస్తువులకూ, పాప్‌సైక్ గ్రామఫోన్ రికార్డులకూ పేరు పొందాయి. క్రీడాకారుల కార్డులు సేకరించేవారు 130పాయింట్‌ను వాడతారు. బేరమాడి ఒప్పుకున్న అమ్మకాల్లో ఈబే సాధారణ శోధన మొదటి ధరనే కొట్టివేసి చూపిస్తే, ఈ సాధనం వాస్తవంగా కుదిరిన ధరను బయటపెడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి తాతగారి పెట్టెలో హైదరాబాద్ సంస్థానం నాటి చార్మినార్ బొమ్మ వెండి రూపాయి దొరికిందనుకుందాం. ‘హైదరాబాద్ రూపాయి’ అని సాధనంలో వెతికితే ఒక సగటు ధర వస్తుంది. ఆ సగటు వారికి పెద్దగా పనికిరాదు. చార్మినార్ ద్వారంలో ఉన్న ఉర్దూ అక్షరం ‘మీమ్’ అయితే అది మీర్ మహబూబ్ అలీ ఖాన్ నాటిది, ‘ఐన్’ అయితే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాటిది. హిజ్రీ సంవత్సరం, అరుగుదల, రుద్ది కడిగారా లేదా అన్నవి ధరను మార్చేస్తాయి. యంత్రం ఇవన్నీ ఒకే కుప్పగా పోస్తుంది. కనుక సగటును పక్కనపెట్టి, తమ నాణేన్ని పోలినవి ఐదారు ఏరి, ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడాలి. అమ్ముడుపోని వాటినీ లెక్కలోకి తీసుకోవాలి. నలభై పెట్టగా పది అమ్ముడై, ఆ పదికీ మంచి ధర వచ్చిందంటే, మిగిలిన ముప్పై మంది అడిగిన ధర మార్కెట్‌కు నచ్చలేదని అర్థం. అమ్ముడైన ధరల పట్టికలో ఆ ముప్పై కనిపించవు. పాట గెలిచి డబ్బు కట్టని వారి అమ్మకాలు మాత్రం కొన్నిసార్లు అందులోనే ఉండిపోతాయి.

ఇదే నాణెం భారత్‌లో ఉంటే సంగతి వేరు. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణేలు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడానికి వీల్లేదు. విదేశీ సైట్‌లో కనిపించే ఆసక్తి ఇక్కడి అమ్మకందారుకు ఏ విధంగానూ అక్కరకు రాదు.

లెక్కలు ఎవరి సొత్తు?

ఆసక్తిని కొలవాలంటే సమాచారం కావాలి. ఆ సమాచారం వేలం సంస్థ చేతిలో ఉంటుంది. ఈ పేచీ 1999లోనే కోర్టుకెక్కింది. బిడర్స్ ఎడ్జ్ అనే సంస్థ అనేక వేలం సైట్ల వివరాలను ఒకచోట చేర్చి చూపించేది. అందుకోసం దాని ప్రోగ్రాములు రోజుకు దాదాపు లక్షసార్లు ఈబే సర్వర్లను తడిమేవి. కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు 2000 మే నెలలో దానిపై తాత్కాలిక నిషేధాజ్ఞ ఇచ్చింది. పరుల సొత్తులో అనుమతి లేకుండా జోక్యం చేసుకోవడమనే పాత న్యాయసూత్రాన్ని సర్వర్లకు వర్తింపజేసిన తీర్పుగా అది ప్రసిద్ధి చెందింది. అదే ఏడాది చివర్లో ఈబే డెవలపర్ల కోసం అధికారిక మార్గాన్ని తెరిచింది. షరతులకు ఒప్పుకున్నవారికి సమాచారం, ఒప్పుకోనివారికి లేదు.

తరువాతి చరిత్ర ఒకే దిశలో సాగింది. ఆక్టీవాను, వెండియోను 2010లో చైనాకు చెందిన అలీబాబా కొన్నది. టెరాపీక్‌ను 2017లో ఈబేయే కొనేసి తన విక్రయ కేంద్రంలో కలిపేసుకుంది. ఇప్పుడు మూడేళ్ల వరకు పాత ధరలు అక్కడే చూడవచ్చు. చిన్న అమ్మకందారుకు ఇది సౌకర్యమే. కానీ ఏ లెక్క చూపాలో, ఏది దాచాలో నిర్ణయించేది కూడా అమ్మకాలపై కమీషన్ తీసుకునే సంస్థే. బయటివారి సాధనాలకు లోపాలెన్ని ఉన్నా, ఆ లెక్కను మరోచోట సరిచూసుకునే వీలు వాటివల్లే ఉండేది.

భారత్‌లో ఈ తరహా వేలానికి ఆయుష్షు ఎక్కువ లేదు. 2000లో మొదలైన బాజీ డాట్ కామ్‌ను ఈబే 2004లో సుమారు 5 కోట్ల డాలర్లకు కొన్నది. 2017లో ఈబే ఇండియా ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లి, 2018 ఆగస్టులో మూతపడింది. నిర్ణీత ధరకు అమ్మే సైట్లే ఇక్కడ నిలదొక్కుకున్నాయి. అయితే ఆసక్తి అంకెలు మాత్రం వాటిలోకీ ప్రవేశించాయి. ‘ఇప్పుడు ఇంతమంది చూస్తున్నారు’, ‘రెండే మిగిలాయి’ అన్న సూచనలు ఈసారి అమ్మకందారు కోసం కాక, కొనేవారిని తొందరపెట్టడం కోసం వచ్చాయి. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీచేసిన మార్గదర్శకాలు 13 రకాల మోసపూరిత పద్ధతులను పేర్కొన్నాయి. వాటిలో మొదటిది లేని తొందరను సృష్టించడం. వస్తువుకు లేని గిరాకీని ఉన్నట్టు చూపడం కూడా దాని కిందికే వస్తుంది. ఇలాంటి సూచన నమ్మి మోసపోయామని భావించినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.