గణకయంత్రానికి గణాలు నేర్పిన వైనం

మా ఏ.ఎస్. రావు నగర్‌లో కొత్తగా ఇల్లు తీసుకున్నవారు ఆ రావుగారెవరో రాజకీయ నాయకుడై ఉంటారని అనుకోవడం నేను చాలాసార్లు విన్నాను. కారు. ఆయన శాస్త్రవేత్త. అయ్యగారి సాంబశివరావుగారు 1914లో, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లులో జన్మించారు. అల్లూరి సీతారామరాజు కుటుంబంవారి ఊరూ అదే. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగు అభ్యసించి, హోమీ భాభాకు కుడిభుజంగా పనిచేశారు. 1956 ఆగస్టులో ట్రాంబేలోని అప్సర రియాక్టరుకు ప్రాణం వచ్చినప్పుడు దాని నియంత్రణ వ్యవస్థను రూపొందించింది వీరి బృందమే. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, మనందరి నోటిలో నలిగిన ఇ.సి.ఐ.ఎల్., వెలసింది. దానికి తొలి సారథి ఆయనే. 1972లో పద్మభూషణ్ పొందారు, 2003లో కీర్తిశేషులయ్యారు.

ఇ.సి.ఐ.ఎల్. అనగానే పెద్దవారికి ఇ.సి. టీవీ జ్ఞాపకం వస్తుంది. తర్వాతి తరానికి ఓటింగు యంత్రం. ఆ యంత్రపు తొలి నమూనా 1979లో ఇక్కడే తయారయింది. కానీ ఈ సంస్థ కంప్యూటర్లు తయారు చేసిందన్న సంగతి ఇక్కడి నాలుగు రోడ్ల కూడలిలో నిత్యం తిరిగేవారిలో ఎందరికి తెలుసు? ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన నాకూ మొన్నమొన్నటిదాకా తెలియదు.

తెలియజెప్పినవారు మా వీధి చివర ఉండే ఒక విశ్రాంత ఇంజనీరుగారు. నాకంటె పదేళ్లు పెద్ద. ఉదయపు నడకలో పరిచయం. ఆయన తన యౌవనాన్ని టి.డి.సి. యంత్రాల నడుమ గడిపారు. టి.డి.సి. అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. మొదటిదైన టి.డి.సి.-12ను 1969 జనవరిలో విక్రమ్ సారాభాయ్ ప్రారంభించారు. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే సంస్థ 1965లో పద్దెనిమిది వేల డాలర్లకు విడుదల చేసిన పి.డి.పి.-8 అనే చిన్న కంప్యూటరుకు ఇది దగ్గరి పోలిక. "చిన్న" అనగానే అరచేతిలో పట్టేదని భ్రమపడకండి. గదంతా ఆక్రమించే పెద్ద యంత్రాల పక్కన, బీరువా అంత ఉన్నది చిన్నదే కదా! ఆ తరువాత 1970ల నడుమ టి.డి.సి.-312, పదహారు బిట్ల టి.డి.సి.-316 వచ్చాయి.

టి.డి.సి.-12 జ్ఞాపకశక్తి నాలుగు వేల తొంభై ఆరు పదాలు. వారి పరిభాషలో పదమంటే పన్నెండు బిట్లు. ఒక్కొక్క బిట్టుకు ఆవగింజంత ఫెర్రైటు వలయం ఒకటి. వాటిలోంచి సన్నని తీగలు నేతలో పడుగుపేకల వలె అడ్డంగా నిలువుగా సాగుతాయి. అంటే 49,152 వలయాలు. విద్యుత్తు పోయినా అందులో రాసినది చెరిగిపోదు. ఈ లెక్క విన్నాక నేనొక లెక్క వేసుకున్నాను. ఆ జ్ఞాపకమంతా కలిపి 6,144 బైట్లు. మనం ఇప్పుడు వాడే యూనికోడు తెలుగులో ప్రతి సంకేతానికీ మూడేసి బైట్లు. కాబట్టి అక్కడ పట్టేవి 2,048 సంకేతాలు. హల్లూ, గుణింతపు గుర్తూ, పొల్లూ వేరువేరుగా లెక్కకు వస్తాయి గనుక ఒక వృత్తపద్యానికి సుమారు రెండు వందలు వేసుకుంటే, భారతదేశం గర్వంగా నిలబెట్టుకున్న ఆ యంత్రం మొత్తంలో పది పద్యాలు పడతాయి. శతకంలో పదోవంతు!

మరి అంత స్వల్పజ్ఞాపకంతో ఏం చేశారు? అణుశక్తి ప్రయోగశాలల్లో కొలతలు సేకరించడం, యంత్రాలను క్షణక్షణం కనిపెట్టి ఉండడం, విశ్వవిద్యాలయాల్లో శాస్త్రగణనలు, బోధన. 1971-78 మధ్య అమ్ముడైన యంత్రాలు వందకు దరిదాపు. అవీ ఎక్కువగా ప్రభుత్వ పరిశోధనశాలలకూ విద్యాసంస్థలకూ వెళ్లాయి. అధిక ధర, ఆలస్యం, పరదేశంలో అప్పటికే ముందుకు పోయిన సాంకేతికత అంటూ విమర్శకులు దుయ్యబట్టారు. 1984లో జోసెఫ్ గ్రీకో అనే అమెరికన్ పండితుడు భారతీయ కంప్యూటరు పరిశ్రమపై ఒక గ్రంథమే వెలువరించారు. విమర్శలో నిజం లేదనను. కానీ అదే కాలంలో ఐ.బి.ఎమ్. వారు ఇతర దేశాల్లో వాడి వదిలిన 1401 యంత్రాలను బాగుచేసి ఇక్కడ అద్దెలకు తిప్పేవారన్నదీ నిజమే. వారు 1978లో దేశం విడిచి వెళ్లారు. అదే సమయంలో ప్రైవేటు సంస్థలకు చిన్న కంప్యూటర్ల తయారీకి అనుమతి దొరికింది, మైక్రోప్రాసెసర్లు వచ్చాయి, టి.డి.సి.ల ప్రాభవం తగ్గింది.

ఇంజనీరుగారు స్వయంగా వెళ్లి నిలబెట్టి వచ్చిన యంత్రం ఒకటి, ఎక్కడో ఒక విద్యాసంస్థలో, చివరికి ఇనుప సామాన్ల కొట్టువాడి తూకానికి వెళ్లిందట. "కిలో లెక్కన, మాస్టారూ" అన్నారాయన. ఆ పూట నడక మధ్యలోనే ఆపి ఇంటికి వెళ్లిపోయారు.

ఈ నేపథ్యం తెలిసినవాడు గనుకనే కాబోలు, కాలిఫోర్నియాలో ఉన్న ఆయన కుమారుడు రెండేళ్ల క్రితం ఒక పెట్టె తెచ్చి ఇచ్చాడు. పి.డి.పి.-8 ముఖఫలకానికి మూడింట రెండు వంతుల కొలతలో చేసిన నకలు అది. ఆస్కార్ వెర్మ్యూలెన్ అనే ఔత్సాహికుడు రూపొందించాడు. ముందు దీపాలు, మీటలు. వెనుక పేకముక్క అంత రాస్ప్‌బెర్రీ పై. దానిలో బాబ్ సప్నిక్ మొదలుపెట్టిన సిమ్‌హెచ్ అనే ప్రోగ్రాము పాత యంత్రాన్ని ఒక్కొక్క ఆజ్ఞ చొప్పున అనుకరిస్తుంది. దీన్ని వేషధారి అనవచ్చు, కానీ వేషం కట్టడంలో పద్యం తప్పని వేషధారి. ఆ యంత్రానికి రాసిన ప్రోగ్రాము దీనిలో యథాతథంగా నడుస్తుంది. పైగా అంతర్జాలానికి తగిలించుకోవచ్చు. ఆయన తగిలించారు. తగిలించాక "దీనితో ఏం చేద్దాం, మాస్టారూ?" అని నన్నడిగారు.

ఈ ప్రశ్న ఆయనకొక్కరికే వచ్చినది కాదు. మైక్రోసాఫ్ట్ సహస్థాపకుడు పాల్ ఆలెన్ 2006లో తన వద్ద ఉన్న పాత డిజిటల్ సంస్థ యంత్రాలను బాగుచేయించి, ఎవరైనా దూరం నుంచి లోపలికి ప్రవేశించే ఏర్పాటు చేశాడు. 2012లో సియాటిల్‌లో అది మ్యూజియమైంది. 2020లో మూతబడింది. 2024లో దాని వస్తువులు కొన్ని వేలానికి వెళ్లాయి. అక్కడ ప్రవేశించినవారు ఏం చేసేవారంటే, విల్ క్రౌథర్ 1970లలో పి.డి.పి.-10 మీద రాసిన గుహాన్వేషణ ఆట వంటివి ఆడేవారు, ఫోర్ట్రాన్‌లో నాలుగు వాక్యాలు రాసి మురిసిపోయేవారు. తప్పేమీ లేదు. కానీ ఎవరైనా ఊరి మధ్య పాత బావిని పూడిక తీయించి నీరు ఊరించిన తరువాత అందులో బిందె ముంచకపోతే ఎలా?

నాకు ఆ ఫలకం ముందు కూర్చున్నంతసేపూ మీటల మీదనే దృష్టి. పన్నెండు మీటలు. మూడు ముదురు రంగు, మూడు లేత రంగు, మళ్లీ మూడు ముదురు, మూడు లేత.

"మూడేసిగా ఎందుకు విడదీశారు?" అన్నాను.

"చదవడానికి సులువని. మూడు బిట్లు కలిస్తే ఒక అంకె. సున్న నుంచి ఏడు వరకు, మొత్తం ఎనిమిది."

మూడు స్థానాలు, ఒక్కొక్కదానిలో రెండే అవస్థలు, మొత్తం ఎనిమిది. మిత్రులారా, నేను ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసినది మరేమిటి? లఘువును సున్న అనుకోండి, గురువును ఒకటి అనుకోండి. నగణం మూడు లఘువులు, సున్న. సగణం ఒకటి. జగణం రెండు. యగణం మూడు. భగణం నాలుగు. రగణం ఐదు. తగణం ఆరు. మగణం మూడు గురువులు, ఏడు. ఒక్కటి మిగలదు, ఒక్కటి తగ్గదు. మూడు మీటల గుంపు ఒక గణం. పన్నెండు మీటలు నాలుగు గణాలు.

ఇంజనీరుగారికి "యమాతారాజభానసలగం" చెప్పి, దాని గురులఘువులను కాగితం మీద 0111010001 అని రాసి చూపాను. ఎడమ నుంచి ఒక్కొక్క స్థానం జరుపుతూ మూడేసి అంకెలు తీసుకుంటే ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారి మాత్రమే వస్తాయి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టారు. "ఇది మా వాళ్లు చాలా పెద్ద పేరు పెట్టి చెప్పుకునే అమరిక, మాస్టారూ. మీరు ఏడో తరగతి పిల్లలకు చెప్పేవారా?" అన్నారు. ఎనిమిదో తరగతి, అని సవరించాను.

ఆ యంత్రానికి తెలిసిన మూల ఆజ్ఞలు కూడా ఎనిమిదే. ప్రతి ఆజ్ఞలోనూ మొదటి గణమే ఏం చేయాలో చెబుతుంది. ఇది కాకతాళీయమే, ఛందశ్శాస్త్రం నుంచి అమెరికావారు తీసుకున్నారని ఎవరైనా ఊరేగింపు తీస్తే నేను అందులో ఉండను.

ఇక పని దొరికింది. ఎవరైనా ఒక పద్యపాదం పంపితే అది ఏ వృత్తమో చెప్పాలి. ఉత్పలమాల భ, ర, న, భ, భ, ర, వ. మొదటి పదంలో 4504. రెండవ పదంలో భ, ర వెంట వగణపు లఘుగురువులు, మిగిలిన స్థానాలు సున్నలు, అంటే 4520. చంపకమాల 0242, 2250. శార్దూలం 7121, 6640. మత్తేభం 1450, 7320. చివరి సున్నలు నిజంగా లఘువులా, ఖాళీలా అన్న సందేహం రాకుండా అక్షరసంఖ్య పక్కన ఉంచుకోవాలి. వరుసగా 20, 21, 19, 20. నాలుగు వృత్తాల లక్షణం పన్నెండు పదాల్లో ఇమిడింది. పోల్చి చూడడానికి ఆ యంత్రానికి తీసివేత రాదు. కూడిక ఒక్కటే వచ్చు. ఒక సంఖ్యను తలకిందులు చేసి, ఒకటి చేర్చి, రెండవదానితో కూడితే సున్న రావాలి. వస్తే వృత్తం దొరికినట్టు.

తెలుగు లిపి దానికి ఎక్కదు. ఆ కాలపు టెలిటైపులో ఆంగ్లపు పెద్ద అక్షరాలు తప్ప లేవు. 1990లలో రైస్ విశ్వవిద్యాలయపు తెలుగు విద్యార్థుల పుణ్యమా అని అలవడిన రోమను లిప్యంతరీకరణలో చిన్న, పెద్ద అక్షరాల భేదం ఉంది. ఇక్కడ అది పోతుంది. పోయినా ఫరవాలేదని ఇద్దరం తేల్చుకున్నాం. లకార ళకారాలు ఏవైనా తూకం ఒకటే. దీర్ఘమైతే అచ్చును రెండుసార్లు కొట్టాలని నియమం పెట్టాం. ఆయన పదిహేను రోజులు కూర్చుని రాశారు. డెబ్బై దాటిన మనిషి రాత్రి పదకొండింటికి ఫోను చేసి, "విసర్గ ముందున్నది గురువేనా?" అని అడగడం నా ఉపాధ్యాయ జీవితంలో ఏ విద్యార్థీ కలిగించని ఆనందం.

ప్రారంభం నా స్వీయ ఉత్పలమాలతో. మొదటి పాదం సరిపోయింది. రెండవది సరి. మూడవ పాదానికి యంత్రం ఏ వృత్తమూ కాదంది. నాకు కోపం వచ్చింది. ప్రోగ్రాములో తప్పుందన్నాను. ఆయన ఒక్కొక్క దీపాన్నీ ఆపి ఆపి చదివి, పదవ అక్షరం దగ్గర సున్న వచ్చిందన్నారు. అక్కడ నా పద్యంలో "మృదుస్వర" అనే సమాసం. సంయుక్తాక్షరం ముందున్న దుకారం గురువు. అయితే నేను అలవాటు కొద్దీ "మృదు" అని కొట్టి, ఖాళీ విడిచి, "స్వర" అని కొట్టాను. వేరే పదంలో సంయుక్తం ఉంటే తెలుగులో ముందున్న లఘువు లఘువుగానే ఉంటుందని నియమం చెప్పిందీ నేనే. అది నేను చెప్పినట్టే చేసింది.

"మరి ఖాళీ ఎందుకు కొట్టారు, మాస్టారూ?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఎన్ని పిల్లల కాగితాల్లో సమాసాన్ని విడదీసి రాసినందుకు అరమార్కు కోశానో తలచుకుని మంచినీళ్లు తాగాను.

ఇప్పుడు ఆయన మనుమడు కాలిఫోర్నియా నుంచి వారానికి రెండు పాదాలు పంపుతున్నాడు. పన్నెండేళ్లవాడు. తెలుగు మాట్లాడతాడు, చదవడం తడుముకుంటూ. అక్కడ సాయంత్రమైతే ఇక్కడ తెల్లవారుతుంది గనుక మా నడక కాగానే కాఫీతో ఫలకం ముందు కూర్చుంటాం. దీపాలు చకచక వెలిగి ఆరుతాయి, అటు జవాబు వెళుతుంది. మొదటిసారి వాడు ఫోనులో అడిగినది వృత్తం పేరు కాదు. "తాతా, నిజంగా అక్కడ లైట్లు వెలిగాయా?" అని.

జాతి, ఉపజాతి పద్యాల జోలికి ఇంకా పోలేదు. ఇంద్రగణాలు ఆరింటిలో నల, నగ, సల నాలుగక్షరాలవి, భ, ర, త మూడక్షరాలవి. మూడేసి మీటల లెక్క అక్కడ సాగదు. ఎక్కడ గణం తెగుతుందో ముందుకు వెనక్కు వెళ్లి చూసుకోవాలి. ఇంజనీరుగారు ఆటవెలదితో మొదలుపెడదామంటున్నారు. జ్ఞాపకంలో సగానికి పైగా ఇంకా ఖాళీయేనట.