నల్లులు మన కొండల మీంచే వచ్చాయా?

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

సెలవులైపోయి హాస్టల్‌కి తిరిగొచ్చిన వారానికే మా గదిలో నల్లులు కనపడ్డాయి. "కొండల మీంచి పెట్టెల్లో మోసుకొచ్చారు" అని ఒక పెద్దాయన అందరి ముందూ అనేశారు. మేం ఆరుగురం తలొంచుకుని నిలబడ్డాం. ఆ రాత్రి ఎలాగూ నిద్ర లేదు. ముందు ఫోన్లో, తర్వాత లైబ్రరీలో నల్లి చరిత్ర వెతకడం మొదలెట్టాం.

నల్లి మనకంటే ముందు గబ్బిలాల మీద బతికిందని శాస్త్రవేత్తలు చెప్తారు. గుహల్లో మనిషి పడుకున్నాక మనిషికీ మరిగింది. ఈజిప్టులో అమర్నా దగ్గర పనివాళ్ళ ఇళ్ళు తవ్వితే మూడు వేల ఏళ్ళకు పైబడిన నల్లుల అవశేషాలు దొరికాయి. మన పంచతంత్రంలోనూ నల్లి ఉంది, అదీ రాజుగారి పరుపు మీద! కుట్టింది నల్లి, అది మంచం సందులో దూరి తప్పించుకుంటుంది. దొరికిపోయి చచ్చేది అమాయకపు పేను. ఈ కథ చదివినప్పుడు మాకు మేమే గుర్తొచ్చాం.

ఇంకో సంగతి మా తాతల కాలంది. 1939లో పాల్ ముల్లర్ డీడీటీ పురుగుల్ని చంపుతుందని కనిపెట్టాడు, 1948లో నోబెల్ వచ్చింది. అయితే 1947లోనే హవాయిలోని పెర్ల్ హార్బర్ నౌకాదళ బ్యారక్‌లలో డీడీటీకి చావని నల్లులు బయటపడ్డాయి. అమెరికా సైనికుల మంచాలవి, కొండ గుడిసెలు కావు. మన దేశంలో 1953 నుంచి మలేరియా కార్యక్రమం కింద ఇళ్ళ లోపలి గోడలకు డీడీటీ కొట్టారు. దోమలు తగ్గాయి. నల్లులు మాత్రం మందు ఘాటుకి సందుల్లోంచి బయటికొచ్చి ఇంకా ఎక్కువ కనపడేవి. "మందు కొడితే నల్లులు పెరుగుతున్నాయి" అని మా తాతలు తలుపులేసుకునేవారట. వాళ్ళని తెలివితక్కువ వాళ్ళన్నారు. వాళ్ళు చూసింది చూసినట్టే చెప్పారు కదా!

2023లో పారిస్‌లో రైళ్ళు, సినిమా హాళ్ళలో నల్లులున్నాయని గోల గోల అయింది. పారిస్ వాళ్ళని ఎవరైనా కొండోళ్ళన్నారా?

సరే, మా గది విషయానికొద్దాం. ఒక ఆదివారం మంచాలు తిరగేసి సెల్ లైటు వేసి చూశాం. చెక్క అతుకుల్లో, మేకుల రంధ్రాల్లో సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు, తెల్లగా బియ్యపు నూకలకంటే చిన్న గుడ్లు, అన్ని సైజుల్లోనూ ఎండిన పొట్టు. నల్లి పిల్ల పెద్దదవ్వాలంటే ఐదుసార్లు పొట్టు విడవాలి, ప్రతిసారికీ ముందు రక్తం తాగాలి. అన్నీ కుదిరినా నెలకు పైనే పడుతుంది. మేం వచ్చి వారమే! ఖాళీ హాస్టల్లో తిండి లేకుండా వారాలూ నెలలూ ఉండగలదు కాబట్టి, అవి మా కంటే ముందునుంచీ అక్కడే ఉన్నాయి. మా పెట్టెల మూలలూ చూశాం, ఏమీ లేవు.

అన్నలూ, అక్కలూ, మీరూ ఇలాగే చూడండి. ఒంటి మీద దద్దుర్లు చూసి తేల్చేయొద్దు, కొందరికి కుట్టినా దద్దురు రాదు. కొత్త గదికో లాడ్జికో వెళ్తే బ్యాగు మంచం మీద పెట్టకముందే పరుపు కుట్లు, గోడ బీటలు చూసుకోవాలి. ఊరెళ్ళినప్పుడు అనుమానముంటే బ్యాగు బయటే ఉంచి బట్టలు బాగా మరిగే నీళ్ళలో వేయండి. లేకపోతే ఇక్కడి నల్లులు అవ్వ బొంతలోకి చేరతాయి, దారి అటునుంచి కాదు, ఇటునుంచి! ఇంకోటి, చేలకు కొట్టే మందు మంచానికి కొట్టి తలుపులేసుకుని పడుకోవద్దు. నల్లులతో రోగాలు అంటుతాయని రుజువు లేదు, ఆ మందుతో మాత్రం ప్రాణం పోతుంది.

పొట్టు ఒక కాగితంలో మడిచి పెద్దాయన బల్ల మీద పెట్టి, లెక్క చెప్పాం. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు ఉదయం అన్ని గదుల మంచాలూ వరండాలోకి తీయించి, వంటశాలలో నీళ్ళు మరగబెట్టించారు.