ఆల్బనీలో ఒంటరి నక్షత్రం, ఒంగోలులో కవచం

మా అమ్మమ్మ ఒంగోలు దగ్గర పల్లెలో పుట్టింది. నేను ఎక్కడికైనా బయలుదేరుతున్నానంటే ఫోన్‌లో ఒకటే అడుగుతుంది: "కవచం వేసుకున్నావా?" చిన్నప్పుడు కవచం అంటే స్వెటరు అనుకునేవాణ్ణి. తెలుగు బైబిల్ చదవడం నేర్చుకున్నాక, ఎఫెసీయుల పత్రిక 6వ అధ్యాయంలో "సర్వాంగ కవచము" అనే మాట కనిపించింది. సర్వ అంటే అన్నీ, అంగం అంటే అవయవం. ఒళ్ళంతా కప్పే కవచం అన్నమాట. నడుముకు సత్యం, రొమ్ముకు నీతి, చేతిలో విశ్వాసమనే డాలు, తలకు రక్షణ. ఈ పోరాటం మనుషులతో కాదని కూడా పౌలు అక్కడే చెబుతాడు.

ఈ విశ్వాసం మా అమ్మమ్మ ఊరికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. వెతికితే సగం కథ అమెరికాలోనే దొరికింది.

1835లో అమెరికన్ బాప్టిస్టులు శామ్యూల్ డే అనే మిషనరీని బోస్టన్ నుంచి తెలుగువాళ్ళ దగ్గరికి పంపారు. 1840లో ఆయన నెల్లూరులో స్థిరపడ్డాడు. చాలా ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవాళ్ళు చాలా కొద్దిమందే. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో పెద్ద సభ జరిగింది. నెల్లూరు మిషన్‌ను మూసేద్దామా అని అక్కడ చర్చించారు. పటంలో నెల్లూరు ఒక్కటే చుక్కగా ఉంది. దాన్ని చూపించి ఒకాయన "ఒంటరి నక్షత్రం" అన్నాడు. ఆ మాట శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే పాస్టరు మనసులో నిలిచిపోయింది. ఆయన ఆ రాత్రే ఆ నక్షత్రం మీద ఒక కవిత రాశాడు. మనం ఇక్కడ బడిలో పాడే "అమెరికా" అనే దేశభక్తి గీతం రాసింది కూడా ఈయనే! మర్నాడు ఆ కవిత విని చాలామంది కదిలిపోయారు. మిషన్ మూతపడలేదు.

ఆల్బనీలో జరిగింది ఇది. ఇక ఒంగోలులో ఏం జరిగిందో చూద్దాం. 1854 జనవరి 1న, తెల్లవారుజామున, ఐదుగురు ఒక కొండ ఎక్కారు. లైమన్ జూయెట్, ఆయన భార్య యుఫీమియా, ముగ్గురు తెలుగు క్రైస్తవులు: నరసు, జూలియా, రూత్. కింద కనిపిస్తున్న పల్లెల కోసం, ఒంగోలుకు ఒక మిషనరీ కావాలని ప్రార్థించారు. వాళ్ళ చేతిలో డబ్బూ లేదు, అధికారమూ లేదు. తరువాత జూయెట్ అమెరికా వచ్చినప్పుడు మళ్ళీ మూసివేత మాట వచ్చింది. మీరు మూసినా నేను తిరిగి వెళ్ళి అక్కడే చనిపోతాను అన్నాడాయన. చివరికి ఆయనతో జాన్ క్లౌ అనే యువకుణ్ణి పంపారు. 1866లో క్లౌ ఒంగోలు చేరాడు.

అక్కడ అసలు పోరాటం మొదలైంది. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు, అంతకుముందు యోగమార్గంలో దేవుణ్ణి వెతికినవాడు, బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట ఆయనవాళ్ళు వచ్చారు. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అన్నారు పెద్ద కులాలవాళ్ళు. అప్పుడు క్లౌ, ఆయన భార్య వేరువేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందని చెబుతారు: లోకం నీచంగా చూసేవాళ్ళను దేవుడు ఏర్పరచుకుంటాడనే భాగం. తలుపు మాదిగలకు తెరిచే ఉంచారు. కొత్త విశ్వాసులు ఆదివారం పని మానేశారు, చచ్చిన పశువుల మాంసం మానేశారు, జాతర్లలో డప్పు కొట్టడం మానేశారు. అందుకు వాళ్ళు ఊరి కోపాన్ని భరించవలసి వచ్చింది.

తరువాత 1876–78 మహా కరవు. లక్షల మంది చనిపోయారు. క్లౌకు సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. కానీ ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని ఆయన పట్టుదల. సహాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇది చదివి నేను చాలాసేపు ఆలోచించాను. కాపాడమని ప్రార్థించినవాళ్ళు కూడా ఆ కరవులో చనిపోయారు కదా. మరి కవచం ఏం చేసింది? నాకు పూర్తి జవాబు లేదు. కానీ కవచం యుద్ధంలో వేసుకునేది. యుద్ధం లేకుండా చేసేది కాదు. ఇక్కడ మన చర్చిల్లో ఆత్మీయ యుద్ధం అంటే దయ్యాల గురించే ఎక్కువ మాట్లాడతారు. ఈ కథలో శత్రువులు వేరు: నిరాశ, కులం, ఆకలి. ఇంకొకటి కూడా ఉంది: జనం అవసరంలో ఉన్నప్పుడు లెక్క పెంచుకుందామనే ఆశ. క్లౌ ఆ చివరిదానితో తన లోపలే పోరాడి ఉంటాడనుకుంటాను.

ఆ 2,222 మందిలో మా వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అమ్మమ్మను అడిగాను. "పేర్లు ఎవరు రాసుకున్నారురా, ఉండే ఉంటారు" అంది. తరువాత మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి నాకు అర్థం తెలుసు.

"వేసుకున్నాను అమ్మమ్మా."

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ప్రార్థనలో వాడే మాట ఒకటి అడిగి రాసుకోండి. దాని వెనక ఒక ఊరు, ఒక కథ ఉండవచ్చు.