గ్రావిడ్, గుర్విణి

హైదరాబాదుకు తూర్పున, ఉప్పల్ రోడ్డుమీద, 1961లో స్థాపించిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. భూమి ఆకర్షణలో చోటుచోటుకూ ఉండే స్వల్ప భేదాలను కొలవడం అక్కడి పనులలో ఒకటి. ఆ ఆకర్షణను ఇంగ్లీషులో గ్రావిటీ అంటారు. దగ్గరలోనే నాచారంలో కార్మికుల ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నది. ఏ ఊరి ప్రసూతి వైద్యులైనా తొలిచూలాలిని ప్రైమిగ్రావిడా అని రాస్తారు. భూమిని పరీక్షించేవారికీ, కాన్పులు చేసేవారికీ ఈ మాట ఉమ్మడి ఎట్లా అయినది?

లాటిన్‌లో గ్రావిస్ అంటే బరువైనది. గ్రావిడా అంటే బరువుతో ఉన్న స్త్రీ, అనగా గర్భవతి. ఇంగ్లీషువారు 16వ శతాబ్ది చివర దీనిని గ్రావిడ్‌గా తీసుకున్నారు. ఇంటి మాటలలో అది కలవలేదు; వైద్యులకూ జంతుశాస్త్రజ్ఞులకూ మిగిలినది. గుడ్లతో నిండిన ఆడదోమ కూడా వారికి గ్రావిడే.

సంస్కృతంలో బరువైనదానిని గురువు అంటారు. గర్భవతి గుర్విణి, ఈ మాట తెలుగు నిఘంటువులకూ ఎక్కినది. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలంనుండి పుట్టి ఉండాలని 1786లో విలియం జోన్స్ కలకత్తాలో ప్రసంగించాడు. తరువాతి పండితులు ధ్వనులను సరిపోల్చి, గురు, గ్రావిస్, గ్రీకు బరుస్ మూడూ ఒకే ధాతువునుండి వచ్చినవని తేల్చారు. కనుక గురుత్వాకర్షణ, గరిమనాభి అని పాఠ్యపుస్తకాలలో రాసినవారు, తెలిసో తెలియకో, గ్రావిటీకి దాయాదినే తెచ్చిపెట్టారు.

అట్లయితే గర్భం కూడా గ్రావిడ్‌కు చుట్టమేనని తోచవచ్చును. విద్యార్థులు తరచుగా పొరపడే చోటు ఇదే. గర్భంలోని రేఫ పూర్వం లకారం. గ్రీకులో దాని జ్ఞాతి డెల్ఫుస్, అనగా గర్భాశయం. అడెల్ఫోస్ అంటే ఒకే కడుపున పుట్టినవాడు. మన సోదరుడు అనే మాట కట్టుబడి కూడా అంతే. డాల్ఫిన్ పేరు సైతం ఆ డెల్ఫుస్‌కు సంబంధించినదే. చేపవలె ఈదుతూ గర్భాశయం గల జంతువు కదా! బారోమీటరును భారమితి అన్నారుగాని, ఆ రెండింటి పోలికా పైపైదే. బారో గురువుకు బంధువు. భారం ఇంగ్లీషులో పుట్టుకను చెప్పే బర్త్‌కు బంధువు. చెవికి ఒకటిగా వినబడినంత మాత్రాన చుట్టరికం కుదరదు.

అచ్చతెలుగు చూలు ఈ వంశానికే చెందదు. తెలుగు, తమిళం, కన్నడం వేరొక కుటుంబమని 1816లో మద్రాసులో ఎల్లిస్ నిరూపించాడు. తమిళంలోనూ గర్భాన్ని సూల్ అంటారు. నాచారం ఇండ్లలోనైతే గ్రావిడా, గుర్విణి రెండూ వినబడవు. కడుపుతో ఉన్నది అంటారు. అదే పశువైతే చూడిది, వరి అయితే పొట్టకు వచ్చినది.