హోమ్ టీమ్ అంటే ఎవరి ఇల్లు?

సంక్రాంతికి మా ఎలమంచిలి చుట్టుపక్కల ఊళ్ళలో కబడ్డీ పోటీలంటే ఆట కంటే ముందు వినబడేది మైకు. ఫలానావారు వెయ్యిన్నూటపదహార్లు, ఫలానావారు మొదటి బహుమతి, ఫలానావారు ఆటగాళ్ళకి భోజనాలు. చిన్నప్పుడు ఆ చదువుడు ఎంతకీ తెమిలేది కాదు, విసుగొచ్చేది. ఊరందరి ముందూ చదివిన బ్యాలెన్స్ షీట్ అదేనని ఇప్పుడు తెలుస్తోంది.

2014 జులైలో ఎనిమిది జట్లతో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్‌కి సొంతగడ్డ విశాఖ. పోర్టు ఇండోర్ స్టేడియంలో ఆటలు. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ నుంచొచ్చిన రాహుల్ చౌధరి మనవాళ్ళ హీరో అయిపోయాడు. మరుసటేడు జట్టు హైదరాబాద్ వెళ్ళిపోయింది. 2016లో తిరిగొచ్చింది, మళ్ళీ పోయింది, 2018 డిసెంబర్లో ఓసారి కనబడింది. ఆ తర్వాత 2025 ఆగస్టులో పన్నెండో సీజన్ ఏకంగా విశాఖలోనే మొదలైంది. హోమ్ టీమ్ ఇలా చుట్టపుచూపుగా వస్తుంటే ఏమనుకోవాలి?

డబ్బు వచ్చేదారి చూస్తే ఆశ్చర్యం ఉండదు. లీగు నడిపే మషాల్ స్పోర్ట్స్‌లో 74 శాతం వాటాని 2015లో స్టార్ ఇండియా కొనేసింది. ఆట టీవీది. కరోనా తర్వాత ఎనిమిదో సీజన్ మొత్తం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో, ప్రేక్షకుడనేవాడు లేకుండా జరిగిపోయింది. మనం లేకపోయినా లీగు ఆగలేదు. నాకైతే ఇది కాస్త అవమానంగానే తోచింది.

అలాగని పాతరోజుల్లో టికెట్లే జట్లని పోషించాయనీ కాదు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుని తీసుకోండి. కోచ్ రహీం గొప్పవాడే, కానీ ఆటగాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలిగించింది పోలీసు జీతం. జనం రాకపోతే ఉత్సాహం తగ్గుతుందేమో గానీ నెల జీతం ఆగదు. ఇక్కడ రైల్వే, పోర్టు, స్టీల్‌ప్లాంట్ స్పోర్ట్స్ కోటాలదీ అదే పద్ధతి.

ఆ ఆసరా లేనివాళ్ళ గతి హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. తమాషా ఏంటంటే ఆ సీజనంతా గోవాలోనే. గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఆ తర్వాత రెండేళ్ళకే జీతాల బకాయిలు, ఆటగాళ్ళు తలోదారి. 2023-24లో 22 ఆటలకి ఒక్కటే గెలుపు. 2025లో జట్టు ఢిల్లీ చేరి పేరు కూడా మార్చేసుకుంది. అభిమానుల్ని అడిగినవాళ్ళెవరు?

చూసేవాళ్ళే డబ్బు పెట్టే ఆట నాకు తెలిసి ఆ సంక్రాంతి పోటీ ఒక్కటే. మూడు రోజులకి మించి సాగదు. కనుమ మర్నాడు ఆ రైడర్లలో సగంమంది మోకాళ్ళకి కట్లతో అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్టెక్కాలి.