కాలువ వంతెన మీద కింది గేరు

బ్రేకు మీద పాదం ఉండగానే అదే కాలి అంచుతో ఎక్సలరేటర్‌ను ఒక్క క్షణం తొక్కి, ఇంజను వేగాన్ని కింది గేరుకు సరిపడేంత పెంచి, అప్పుడు క్లచ్ వదలడం మాన్యువల్ గేర్ల బండి నడపడంలో కష్టమైన విద్య. మోటారు పత్రికలు దీన్ని ‘హీల్ అండ్ టో’ అంటాయి. దీని చరిత్రను సాధారణంగా మూడు ముక్కల్లో చెబుతారు. ఐరోపా కారు పందేల్లో పుట్టింది, గేరుబాక్సుల్లోకి సింక్రోమెష్ రాగానే మామూలు రోడ్డుకు అక్కర లేకుండా పోయింది, మన దక్షిణాదికి మద్రాసు దగ్గరి షోలవరం పందేలతో వచ్చింది. మొదటి మాటతో పేచీ లేదు. దిగువ కృష్ణా డెల్టా రోడ్లనూ, వాటి మీద తిరిగిన బండ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండో మాట తప్పు, మూడోది సగమే నిజం.

ముందు యంత్రం సంగతి. టాప్ గేరులో నలభై కిలోమీటర్ల వేగంతో పోతున్న బండిలో ఇంజను నిమిషానికి 1600 చుట్లు తిరుగుతోందనుకుందాం. మూడో గేరు నిష్పత్తి టాప్ కన్నా ఒకటిన్నర రెట్లు ఉంటే, అదే వేగంలో ఆ గేరు పడ్డాక ఇంజను 2400 చుట్లు తిరగాలి. ఆ 800 చుట్ల తేడాను ఎవరో ఒకరు పూడ్చాలి. డ్రైవరు ఎక్సలరేటర్‌తో పూడిస్తే గేరు వెన్నలా పడుతుంది. లేకపోతే క్లచ్ ప్లేటు అరుగుతూ, వెనక చక్రాలు బండిని ఈడుస్తూ పూడుస్తాయి. ఆ ఈడ్పే పందెం మలుపులో కారును తిప్పేస్తుంది. పాత గేరుబాక్సుల్లో ఇంకో తేడా కూడా ఉండేది. లోపల కలవవలసిన పళ్ళ వేగాలు కూడా సరిపోవాలి. అందుకే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి రైజ్ ఇచ్చి (అంటే ఎక్సలరేటర్ తొక్కి ఇంజను వేగం పెంచి), మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేరు వేసేవారు. డ్రైవర్ల మాటలో అది డబుల్ క్లచ్. పళ్ళ వేగాలు సరిచేసే పనిని మాత్రమే సింక్రోమెష్ తన మీద వేసుకుంది. ఇంజను వేగాన్ని పెంచే పని డ్రైవరు కాలి కిందే మిగిలింది. ఈ రెండు పనులనూ కలిపి చూడడం వల్లే ‘సింక్రోమెష్ వచ్చాక ఆ విద్య అక్కర్లేదు’ అనే మాట పుట్టింది.

తొలి దశలు అందరికీ తెలిసినవే. ఫోర్డ్ మోడల్ టీలో మూడు పెడళ్ళున్నా ఎక్సలరేటర్ వాటిలో లేదు, అది స్టీరింగు కింద చేతి మీటగా ఉండేది. 1920లలో బెంట్లీ వంటి బండ్లలో ఎక్సలరేటర్ క్లచ్‌కూ బ్రేకుకూ నడుమ ఉండేది. ఈనాటి వరస, అంటే ఎడమ నుంచి క్లచ్, బ్రేకు, ఎక్సలరేటర్, క్రమంగా స్థిరపడింది. 1928లో కాడిలాక్ సింక్రోమెష్‌ను అమ్మకానికి తెచ్చింది. పై గేర్లకు అది త్వరగానే వచ్చినా, ఫస్ట్ గేరుకు రావడానికి చాలా కంపెనీలు మరో మూడు దశాబ్దాలు తీసుకున్నాయి. డెల్టా కథకు ఈ ఆలస్యమే కీలకం.

కొండలున్న చోటే గేర్లు దించడం నేర్చుకుంటారనీ, బల్లపరుపు నేల డ్రైవరుకు టాప్ గేరు చాలనీ అనుకోవడం సహజం. కృష్ణా డెల్టా నేల బల్లపరుపే కానీ రోడ్డు అలా ఉండేది కాదు. 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట నుంచి తవ్విన కాలువలు పొలాలకు నీళ్ళివ్వడానికే కాక పడవలు నడవడానికీ ఉద్దేశించినవి. బందరు కాలువ, ఏలూరు కాలువ దశాబ్దాలపాటు సరుకు మోసిన జలమార్గాలు. వంతెన కింద నుంచి సరుకు పడవ దూరాలంటే వంతెన ఎత్తుగా వంపు తిరగాలి. కనుక మోటారు వచ్చేనాటికే ఈ ప్రాంతంలో రోడ్డు కాలువ దాటే చోట నిటారు ఎక్కుడు, నడుమ ఎదుటి వైపు కనపడని మూపు, ఆ వెంటనే దిగుడు ఉండేవి. చాలాచోట్ల ఒక్క బండి పట్టే వెడల్పు. సంక్రాంతి నాళ్ళలో ధాన్యం బళ్ళు, 1941 తర్వాత ఉయ్యూరు ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్ళు ఆ వంతెనల మీదుగానే నడిచేవి. ముందున్న ఎడ్లబండి ఎక్కుడు మధ్యలో మెల్లబడితే, వెనకున్న బస్సు వేగం తగ్గించుకోవాలి, ఆగిపోకూడదు, కదులుతుండగానే కింది గేరులోకి రావాలి. ఘాట్ రోడ్డులో అయితే ఎక్కుడు దూరం నుంచే కనిపిస్తుంది, గేరు తీరిగ్గా దించుకోవచ్చు. ఇక్కడ నాలుగైదు సెకన్ల వ్యవధిలో బ్రేకు, గేరు, రైజ్ మూడూ ఒకదాని మీద ఒకటి పడేవి.

దివిసీమలో, బందరు దక్షిణాన తీర గ్రామాల్లో దీనికి కరకట్ట తోడైంది. ఊరి నుంచి కృష్ణ గట్టెక్కే ర్యాంపు పొట్టిది, నిటారైనది. వానాకాలంలో నల్లరేగడి తడిసిందంటే టైరుకు పట్టు దొరకదు. అలాంటి చోట రైజ్ ఇవ్వకుండా కింది గేరు వేసి క్లచ్ ఒక్కసారిగా వదిలితే వెనక చక్రాలు క్షణంపాటు బిగుసుకుని బండి గట్టు అంచుకు జారుతుంది. పందెపు డ్రైవరు గంటకు నూటేభై కిలోమీటర్ల వేగంలో దేనికి భయపడతాడో, కోడూరు వైపు జీపు డ్రైవరు ఇరవై కిలోమీటర్ల వేగంలో దానికే భయపడాలి. వేగాలు వేరు, చక్రం కింద జరిగేది ఒకటే. విద్య షోలవరం పందేల నుంచే రోడ్డుకు దిగిందనే కథనం ఈ పోలికను పూర్తిగా వదిలేసింది.

రెండో ప్రపంచ యుద్ధకాలం ఈ చరిత్రలో ఒక చిన్న అధ్యాయం, కానీ ఎవరూ పట్టించుకోనిది. పెట్రోలుకు రేషను రావడంతో బస్సులకు బొగ్గు గ్యాసు ప్లాంట్లు తగిలించారు. గ్యాసు మీద ఇంజను శక్తి బాగా పడిపోతుంది, పెట్రోలుతో టాప్‌లో ఎక్కే వంతెనకు కింది గేరు తప్పదు. పైగా కొలిమిలోని నిప్పు ఇంజను పీల్చే గాలితోనే రాజుకుంటుంది. ఇంజను వేగం మరీ పడిపోతే నిప్పు మందగించి గ్యాసు పలచబడుతుంది. కనుక బ్రేకు వేస్తున్నప్పుడు కూడా ఇంజనును పడనివ్వకుండా పట్టుకోవాలి. బ్రేకునూ ఎక్సలరేటర్‌నూ ఒకే సమయంలో వాడే అవసరాన్ని ఆ ఇంధనమే డ్రైవరు మీద మోపింది.

స్వాతంత్ర్యం తర్వాతి ముప్పై అయిదేళ్ళు అసలు వివాదం ఉన్న కాలం. 1949 నుంచి మహీంద్రా కూర్చిన విల్లీస్ జీపులు, 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో తయారైన టాటా మెర్సిడెస్ లారీలు, అశోక్ లేలాండ్ కామెట్‌లు, ఫియట్, ఆ దశాబ్దం చివర అంబాసిడర్ ఈ రోడ్ల మీదకు వచ్చాయి. ప్రామాణిక కథనం ప్రకారం ఇది సింక్రోమెష్ యుగం. కానీ జీపు మూడు గేర్లలో ఫస్ట్‌కు సింక్రోమెష్ లేదు. అంబాసిడర్‌లో, ఫియట్‌లో నాలుగు గేర్లున్నా ఫస్ట్‌కు అది లేదు. లారీల్లో చాలావాటికి ఏ గేరుకూ లేదు. విదేశీ రచయితలు ఫస్ట్ గేరును బండి కదపడానికే వాడేదిగా లెక్కగట్టి, దానికి సింక్రోమెష్ లేకపోవడం పెద్ద లోపం కాదన్నారు. కాలువ వంతెన మీద ఆ లెక్క చెల్లదు. నిండా జనం ఎక్కిన జీపు, గడ్డిబండి వెనక ఎక్కుడు మధ్యలో చిక్కుకుంటే సెకండ్‌లో లాగలేదు, ఆగితే వెనక్కి జారుతుంది. కదులుతూనే ఫస్ట్‌లోకి రావాలంటే డబుల్ క్లచ్ తప్ప మార్గం లేదు. తప్పితే గేరుబాక్సు అరుస్తుంది, పళ్ళు విరుగుతాయి. అంటే సింక్రోమెష్ వచ్చాకే ఈ విద్య ఇక్కడ లారీ, బస్సు డ్రైవర్ల నుంచి కార్లకూ జీపులకూ విస్తరించింది.

లారీల విషయంలో ఇంకో కారణం ఉంది. చాలా లారీలు చాసిస్‌గా వచ్చేవి. క్యాబిను ఇక్కడ కట్టేవారు. 1966లో ఏర్పడిన విజయవాడ ఆటోనగర్ ఈ పనికి పెద్ద కేంద్రం. పెడళ్ళు ఫ్యాక్టరీవే అయినా సీటు ఎత్తు, సీటుకూ పెడళ్ళకూ మధ్య దూరం బాడీ కట్టే వడ్రంగి చేతిలో ఉండేవి. మోకాలు కాస్త వంగి, మడమ నేలకు ఆని, పాదం బ్రేకు నుంచి పక్కకు ఒరిగేలా సీటు కుదిరితేనే కాలు రెండు పెడళ్ళ మీద ఆడుతుంది. కారు పెడళ్ళు ఫలానా డిజైనరు గీశాడని చరిత్రలు పేర్లతో చెబుతాయి. అలాంటి చరిత్రల్లో ఈ వడ్రంగులకూ చోటు ఉండాలి.

పెడళ్ళ అమరికకు కొలమానం సులువైనది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు దాని ముఖం ఎక్సలరేటర్‌తో సమంగా గానీ వేలెడు పైన గానీ నిలవాలి, రెండింటి మధ్య ఎడం పాదం వెడల్పు కన్నా తక్కువ ఉండాలి. డ్రమ్ము బ్రేకుల బండ్లలో లైనర్లు అరిగేకొద్దీ బ్రేకు పెడల్ కిందికి పోతుంది. ఎక్సలరేటర్ కన్నా దిగువకు పోయిందంటే పాదం పక్కకు ఒరగదు, మడమను తిప్పినా అందదు. కాబట్టి బ్రేకు సర్దుబాటు ఆగే దూరానికే కాక గేరు దించడానికీ సంబంధించినది. నేలకు కీలు ఉన్న పొడుగాటి ఎక్సలరేటర్‌లో కీలుకు దగ్గరగా తొక్కితే బలం ఎక్కువ కావాలి, కొంచెం కదిలినా ఇంజను ఎక్కువ లేస్తుంది. పైనుంచి వేలాడే పెడల్‌ను పాదం కుడి అంచుతో పలకరించడం తేలిక. చెప్పు పలచగా ఉంటేనో, పాదం వట్టిదైతేనో పెడల్ ఎంత దిగిందో తెలుస్తుంది. మందపాటి బూటులో ఆ స్పర్శ పోతుంది. కానీ జారే రబ్బరు చెప్పు అన్నిటికన్నా ప్రమాదం, అది పెడల్ కింద ఇరుక్కుంటుంది.

ఇక్కడ వాదానికి హద్దు గీయాలి. డెల్టా డ్రైవర్లంతా పందెపు రూపంలో ఒక కాలితో రెండు పెడళ్ళూ తొక్కారని చెప్పడానికి వీల్లేదు. పెద్ద లారీల్లో ఆ రెండింటి ఎడం అందుకు ఒప్పుకోదు. వారిలో చాలామంది పద్ధతి ముందు బ్రేకు, తర్వాత డబుల్ క్లచ్. డీజిల్ ఇంజనుకు బరువైన ఫ్లైవీలు ఉంటుంది కనుక అది మెల్లగా లేస్తుంది, మెల్లగా పడుతుంది. రైజ్ ఇచ్చి ఒక్క క్షణం ఆగే ఓపిక ఉంటే తొందర అవసరం లేదు. జీపు, అంబాసిడర్ వంటి చిన్న బండ్లలో, అదీ ఎక్కుడు మధ్యలో ఆగి కదిలేటప్పుడే, ఒక పాదం రెండు పనులు చేసేది. వేడెక్కని కార్బొరేటర్ ఇంజను రైజ్ లేకపోతే ఆగిపోతుంది. హ్యాండ్ బ్రేకు మీద నమ్మకం లేనప్పుడు కాలి వేళ్ళు బ్రేకు మీద, మడమ ఎక్సలరేటర్ మీద పెట్టడమే దారి.

ఇది ఊహ కాదనడానికి చట్టంలోనే సాక్ష్యం ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 15వ నియమం లైసెన్సు పరీక్షలో అభ్యర్థి చూపవలసిన నేర్పులను చెబుతుంది. అవసరమైనప్పుడు టాప్ నుంచి కింది గేర్లకు త్వరగా మారడం, దిగుడులో త్వరగా కింది గేరు వేయడం వాటిలో ఉన్నాయి. నిటారు ఎక్కుడులో ఆగిన బండిని హ్యాండ్ బ్రేకుతో గానీ, ఎక్సలరేటర్‌నూ కాలి బ్రేకునూ సరిగా వాడి గానీ వెనక్కి జారకుండా కదపడం కూడా ఉంది. కాబట్టి ఇది పందెగాళ్ళ సొత్తు కాదు, ప్రతి లైసెన్సుదారు నుంచీ చట్టం కోరిన నేర్పు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక తీరు మారింది. ముందుకు పోయే నాలుగు గేర్లకూ సింక్రోమెష్, తేలికైన క్లచ్, చటుక్కున లేచే చిన్న ఇంజను. పెడళ్ళు దగ్గరగా, పైనుంచి వేలాడుతూ ఉండడంతో ఈ విద్యకు ఇంత అనువైన బండి డెల్టాకు అంతకుముందు రాలేదు. విచిత్రంగా ఆ బండి నేర్చుకున్న తరమే దీన్ని మరిచింది. రోడ్డు కూడా మారింది. పడవలు పోయాక కొత్త వంతెనలకు అంత వంపు అవసరం లేకపోయింది. విజయవాడ–మచిలీపట్నం రోడ్డు నాలుగు వరుసలైంది. పెనుమూడి–పులిగడ్డ వారధి రేపల్లె వైపు నుంచి దివిసీమకు నేరుగా దారి తెరిచింది.

ఈనాటి స్థితి సంతృప్తికరంగా లేదు. డ్రైవింగు స్కూళ్ళలో క్లచ్ మెల్లగా వదలడం నేర్పుతారు కానీ కింది గేరు వేస్తూ రైజ్ ఇవ్వడం చాలాచోట్ల పాఠంలోనే లేదు. 15వ నియమం కాగితం మీద ఉండగా, పరీక్ష ఎక్కువగా ‘ఎనిమిది’ అంకె గీయడంతో తేలిపోతుంది. ఫలితం కైకలూరు, గుడివాడ వైపు చేపల బండ్ల వెనక వచ్చే కార్లలో కనిపిస్తుంది. వంతెన మీద హాఫ్ క్లచ్‌తో బండిని వేలాడదీసి ప్లేటు కాల్చుకోవడం, దిగుడులో న్యూట్రల్ వేసి ఇంజను పట్టును వదులుకోవడం. ఇంకో వైపు, వీడియోలు చూసి అల్యూమినియం పెడల్ తొడుగులు బిగించుకుని, 216వ జాతీయ రహదారి మీద వేగంగా సాధన చేసే కుర్రాళ్ళున్నారు. తడి చెప్పుకు ఆ తొడుగు జారుతుంది. పాదం పక్కకు ఒరిగేటప్పుడు బ్రేకు మీద ఒత్తిడి మారితే ముందున్న సైకిలిస్టుకే ప్రాణాపాయం. నేర్చుకోవలసిన క్రమం వేరు. ముందు ఆగి ఉన్న బండిలో బ్రేకు ఒత్తిడి కదలకుండా పాదం ఒరగడం, తర్వాత ఖాళీ రోడ్డు మీద బ్రేకు లేకుండా రైజ్ ఇచ్చి గేరు దించడం, ఆ రెండూ అలవాటయ్యాకే కలపడం.

యంత్రం మాత్రం ఈ విద్యకు తలుపులు మూస్తోంది. ఎక్సలరేటర్ తీగ స్థానంలో ఎలక్ట్రానిక్ సంకేతం వచ్చిన బండ్లలో చాలావాటికి, బ్రేకూ ఎక్సలరేటరూ ఒకేసారి నొక్కితే ఇంజనును తగ్గించే ఏర్పాటుంది. భద్రతకు అది మేలే. పాదం సరిగా ఒరిగినా అలాంటి బండిలో రైజ్ రాదు. 2014 తర్వాత చవక కార్లలోకీ వచ్చిన ఆటోమేటెడ్ గేర్లలో క్లచ్ పెడలే లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఈ పందెంలో దించడానికి గేర్లే లేవు. అయినా డెల్టాలో మాన్యువల్ గేర్ల లారీలు, ట్రాక్టర్లు, పాత జీపులు ఇంకా తిరుగుతున్నాయి. వాటికి డబుల్ క్లచ్ నేటికీ పనికొచ్చేదే. అది నేర్పవలసిన చోటు పందెపు ట్రాకు కాదు, లైసెన్సు ఇచ్చే ముందు జరిగే శిక్షణ.