శ్రీశైలం పాత కాలిబాట: మెట్లు కట్టించినవారు, దారి కాచినవారు

సికింద్రాబాదులో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం దాటేలోపు శ్రీశైలంలో దిగుతాం. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక నల్లమల అడవి కిటికీలోంచి వెనక్కి పోతూ ఉంటుంది. రెండు వందల ఏళ్ల కిందట ఈ ప్రయాణం రోజుల తరబడి సాగేది. ఒంటరిగా వెళ్లే ధైర్యం ఎవరూ చేసేవారు కాదు. పులి భయం, దొంగల భయం, అన్నిటినీ మించి నీళ్లు దొరకవేమోనన్న భయం. అందుకే గుంపులు కట్టి కొండలెక్కేవారు. ఆ నడక చరిత్ర చెప్పేటప్పుడు మనం మెట్లు కట్టించిన రాజులను, పుస్తకాలు రాసిన యాత్రికులను తలుచుకుంటాం. దారి పొడవునా ఉన్న చెంచుల సంగతి చివర్లో ఒక్క వాక్యంతో ముగిస్తాం. ఆ వాక్యాన్ని ముందుకు తేవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పేరు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఏ ద్వారం నుంచి వచ్చినా అడవిలో నడవక తప్పేది కాదు. వీటిలో పడమటి వైపు బాట ఇప్పటికీ బతికే ఉంది. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, అక్కడి నుంచి పెద్దచెరువు, తర్వాత భీముని కొలను, చివరికి కైలాస ద్వారం. నాగలూటిలో పాత వీరభద్రుని గుడి ఉంది. పెద్దచెరువు చెంచు గూడెం. భీముని కొలను లోతైన లోయ. ఆ లోయలోకి దిగి, మళ్లీ రాతి మెట్ల మీద నిటారుగా ఎక్కితేనే కైలాస ద్వారం చేరతాం. ఏటా ఉగాదికి ముందు కన్నడ భక్తులు వేల సంఖ్యలో మూటలు నెత్తిన పెట్టుకుని ఈ దారిన నడిచి వస్తారు.

ఆ మెట్లు కట్టించిన ఖ్యాతి 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిది. ఆ వంశపు రాజే అనవేమారెడ్డి 1377లో శ్రీశైలం ఆలయంలో వీరశిరో మండపం కట్టించాడు. శాసనాలు వీరి పేర్లను నేటికీ నిలబెట్టాయి. శాసనం పని అదే. కట్టించినవాడి పేరు చెబుతుంది, కట్టినవాడి పేరు చెప్పదు. ఏ వాగు ఎక్కడ దాటాలో, ఏ లోయలో ఎండాకాలం కూడా నీరుంటుందో తెలియకుండా అడవిలో దారి వేయడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ తెలివి అక్కడ పుట్టి పెరిగినవారిది. రాతి మెట్టు కంటే ముందు అక్కడ కాలిజాడ ఉంది.

తర్వాతి కాలంలో కాగితం మీద రాసేవారు వచ్చారు. కంపెనీ సైన్యంలో సర్వేయరు కాలిన్ మెకంజీ 1794లో శ్రీశైలం చూశాడు. అప్పట్లో ఆయన నిజాం రాజ్యంలోని ఆంగ్ల సహాయక సైన్యంతో పనిచేస్తున్నాడు. ఆ సైన్యపు దండే తర్వాత 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అయింది. శ్రీశైలం గురించి మెకంజీ రాసింది 1798లో అచ్చయింది. ప్రాకారం మీది శిల్పాలతో పాటు చెంచుల ప్రస్తావన కూడా అందులో ఉంది. ఆ తర్వాత 1830 మే నెలలో మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామి పెద్ద పరివారంతో కాశీయాత్రకు బయలుదేరాడు. అహోబిలం, శ్రీశైలం చూసుకుని హైదరాబాదు, సికింద్రాబాదుల మీదుగా ఉత్తరానికి సాగాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. మజిలీలు, నీటి వసతి, దొరికే సరుకులు అన్నీ అందులో ఉన్నాయి. ఆయన పల్లకీలో ప్రయాణించాడు. పల్లకీని మోసుకుని కొండలెక్కినవారు బోయీలు. పుస్తకం వీరాస్వామి పేరుతో నిలిచింది, నడక మాత్రం బోయీలది.

ఇంతకీ చెంచులు ఏం చేసేవారు? దారి చూపేవారు. చెలమ ఎక్కడ తవ్వాలో వారికే తెలుసు. యాత్రికుల గుంపుకు కాపలా ఉండి, అందుకు రుసుము తీసుకునేవారు. అది బిచ్చం కాదు, చేసిన పనికి కూలి, తమ నేల మీద నడిచినందుకు హక్కు. పైగా వారికి శ్రీశైల మల్లన్న పరాయి దేవుడు కాడు. చెంచు పిల్లను పెళ్లాడిన అల్లుడు, చెంచు మల్లయ్య. అల్లుడి ఇంటికి వచ్చే చుట్టాలను కాచి పంపడం అత్తింటివారి మర్యాద. ఈ బంధుత్వాన్ని పుక్కిటి పురాణమని కొట్టేయకూడదు. ఈ కొండ ఎవరిదని అడిగితే చెంచులు చెప్పే జవాబు అందులోనే ఉంది.

1839లో కంపెనీవారు కర్నూలు నవాబును తొలగించి ఆ ప్రాంతాన్ని చేతిలోకి తీసుకున్నారు. వారి పాలనలో చెంచులు కొందరు జీతానికి దారి తలారులయ్యారు. పని పాతదే, యజమాని మారాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవికి హద్దురాళ్లు పడ్డాయి. కృష్ణకు ఇవతల, నిజాం రాజ్యపు అమ్రాబాదు కొండల్లో 1940లో హైమెన్‌డార్ఫ్ చెంచు పెంటల్లో ఉండి పరిశోధన చేశాడు. ఆయన పుస్తకం 1943లో వచ్చింది. ఆయన సూచన మీద నిజాం ప్రభుత్వం చెంచుల కోసం కొంత అడవిని ప్రత్యేకంగా కేటాయించింది. 1963లో శ్రీశైలం ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. తారు రోడ్లు వచ్చాక కాలిబాటలకు పని తగ్గింది, వాటితోపాటు దారి చూపేవారికీ పని తగ్గింది. 1983లో ఇదే అడవి పులుల అభయారణ్యంగా ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. ఒకప్పుడు దారి కాచినవారినే ‘అడవిలో మీకేం పని’ అని అడిగే కాలం వచ్చింది.

ఇప్పుడు నగరం నుంచి యువతీయువకులు బృందాలుగా నల్లమలకు వస్తున్నారు. ప్రతాపరుద్రుని కోట గోడలు, కూలిన మండపాలు చూసి ఫొటోలు తీసుకుంటారు. వాటిని శిథిలాలంటారు. కృష్ణ ఒడ్డున చంద్రగుప్త పట్నమనే ఊరి గుర్తులు కూడా అలాంటివే. రాజులు పోయాక ఆ కోటలు, పట్నాలు పాడుబడిన మాట నిజం. కానీ రాజు పోయిన చోట మనుషులు లేరని కాదు. చెంచులు ఆ రాజుల కంటే ముందూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు. చూసేవారికి శిథిలమైనది, అక్కడ ఉన్నవారికి గుర్తు.

ఆ గుర్తులకు నేడు చట్టంలో కూడా విలువ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చెంచుల వంటి ఆదిమ తెగలకు వ్యక్తిగత పట్టాతో పాటు ఆవాస హక్కునూ ఇచ్చింది. దానికి సాక్ష్యాలేమిటో నియమాలు చెబుతున్నాయి. పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం, పూజించే చెట్లు, కొలనులు, శ్మశానాలు, పూర్వులు కట్టిన కట్టడాల ఆనవాళ్లు. అంటే అవ్వ నోటిలోని దారి పేరు, తాత చూపే చెలమ, గారెల మైసమ్మ రాయి, ఇవన్నీ గ్రామసభ ముందు పెట్టదగిన ఆధారాలే. రాసుకోకపోతే అవి ఆ పెద్దలతోనే పోతాయి.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. చెంచు పిల్లలకే కాదు, గోండు, కోయ, లంబాడా పిల్లలెవరికైనా ఈ పని ఇవ్వవచ్చు. మీ ఊరి నుంచి జాతరకో, సంతకో పూర్వం నడిచిన దారి ఏది? ఎన్ని రోజులు పట్టేది? రాత్రి ఎక్కడ పడుకునేవారు? నీళ్లు ఎక్కడ? ప్రతి వాగుకు, గుట్టకు మన భాషలో పేరేమిటి? పెద్దవారిని అడిగి, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో రాయించండి. పటం గీయించండి. ఆ పటం కింద చెప్పినవారి పేరు తప్పకుండా ఉండాలి. ప్రోలయ వేమారెడ్డి పేరు రాయి మీద ఉంది, వీరాస్వామి పేరు పుస్తకం మీద ఉంది. మన అవ్వ పేరు కనీసం మన పిల్లల నోటుపుస్తకంలో ఉండాలి.